నానమ్మను మాట్లాడనివ్వండి



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది తల్లులు కుర్చీలోంచి లేవబోతూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఇంట్లో ఇంకో చిన్నది ఉంది మేడమ్, ఇంకా ఏడాది నిండలేదు. ఇప్పటి నుంచే దానితో ఇంగ్లీషులో మాట్లాడమంటారా?" ఈ మధ్య దీనికి ఇంకో మాట కూడా తోడైంది. "మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. పాప రోజంతా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఇంగ్లీషు వెనకబడిపోతుందేమోనని ఆవిణ్ణి కాస్త తక్కువ మాట్లాడమన్నాం."

ఈ ప్రశ్న వెనక చాలాసార్లు ఒక పోలిక ఉంటుంది. డిసెంబరులో అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో చుట్టాల పిల్లలు వస్తారు. నాలుగేళ్లవాడు కూడా గలగలా ఇంగ్లీషు మాట్లాడేస్తుంటాడు. వాడి పక్కన ఇంతింత ఫీజులు కట్టి చదివిస్తున్న మన పిల్లవాడు మౌనంగా నిలబడితే మనసు చివుక్కుమంటుంది. అది సహజమే. ఆ బెంగతోనే తర్వాత పుట్టినదాని విషయంలో ముందే జాగ్రత్త పడాలనుకుంటారు.

నేను ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. పిల్లలకు ఇంగ్లీషు రావాలని మీరు ఎంత కోరుకుంటారో నేనూ అంతే కోరుకుంటాను. అందుకే చెబుతున్నాను. ఇంట్లో నానమ్మను మాట్లాడకుండా ఆపడం వల్ల పాపకు ఇంగ్లీషు రాదు. ఉన్న మాట కూడా పోతుంది. ఈ సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు, మనం ఎవరిని చూసి పోల్చుకుంటున్నామో ఆ విదేశాల్లోని తల్లిదండ్రులే. చంటిబిడ్డతో అక్కడ వాళ్ల రోజు ఎలా గడుస్తుందో, సెలవులు ఎలా గడుస్తాయో కాస్త దగ్గరగా చూస్తే ఇది మనకూ అర్థమవుతుంది.

ఆ ఇంట్లో ఒక రోజు

మా అక్క, బావ అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. వాళ్ల పాపకు ఇప్పుడు పదకొండో నెల. అక్కడున్న తెలుగు ఇళ్లలో చాలావాటి కథ ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క ఇంటి గురించి చెబుతాను.

మన దేశంలో 2017లో చట్టం మార్చాక, పది మందీ అంతకంటే ఎక్కువ మందీ పనిచేసే సంస్థల్లో తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం 1993 నాటిది. అది ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. ఉద్యోగం పోకుండా కాపాడుతుందంతే. పైగా 50 మంది కంటే తక్కువ పనిచేసే కంపెనీకి అది వర్తించదు. కొన్ని రాష్ట్రాలు, కొన్ని కంపెనీలు తమంతట తాము జీతంతో సెలవు ఇస్తాయి. ఏదేమైనా మూడు నాలుగు నెలలు నిండేసరికి బిడ్డను ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న ఆ ఇంటి ముందు నిలబడుతుంది.

ఎక్కువ మందికి జవాబు డేకేరే. అక్క వాళ్ల ఇంట్లో పొద్దున ఆరింటికే హడావుడి మొదలవుతుంది. పాల సీసాల మీద పేరు, తేదీ రాసి అంటించాలి. డైపర్లు, మార్చుకునే బట్టలు సంచిలో సర్దాలి. పాపను కారు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే కార్‌సీట్‌లో కూర్చోబెట్టి బెల్టులు బిగించాలి. ఆ సీటు లేకుండా బిడ్డను కారెక్కించడానికి వీల్లేదు. ఆస్పత్రి నుంచి మొదటిసారి ఇంటికి తెచ్చే రోజునే అది కారులో ఉండాలి. సాయంత్రం డేకేర్ మూసేలోపు ఒకరు వెళ్లి తెచ్చుకోవాలి. ఆలస్యమైతే అదనపు రుసుము. పాపకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఫోన్ చేసి తీసుకెళ్లమంటారు. జ్వరం పూర్తిగా తగ్గి ఒక రోజు గడిచేదాకా మళ్లీ రానివ్వరు. ఆ రోజుల్లో అమ్మో నాన్నో సెలవు పెట్టాల్సిందే. దీనికి నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే.

ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. పాపకు స్నానం చేయించడం, డైపర్ మార్చడం, రాత్రి లేచి పాలు పట్టడం బావకు పూర్తిగా వచ్చు. "నాకు చేతకాదు, మీ అమ్మనడుగు" అనడానికి అక్కడ అడగడానికి మరో మనిషి ఉండరు. మన ఇళ్లలోని నాన్నలు ఇది గమనించాలి.

మొత్తానికి పాప రోజులో తొమ్మిది పది గంటలు ఇంగ్లీషులోనే గడుపుతుంది. అక్కడి ఆంటీలు ఇంగ్లీషులో లాలిస్తారు, ఇంగ్లీషులో పాడతారు. అంటే మనం ఇక్కడ తాపత్రయపడే ఇంగ్లీషు ఆ పాపకు ఎవరూ అడగకుండానే దొరుకుతోంది. దొరకనిది ఇంకొకటుంది. దాని కోసం అక్క, బావ ఏం చేశారో చూడండి.

అమ్మమ్మ ఆరు నెలలు

పాప పుట్టడానికి మూడు వారాల ముందు మా అమ్మ అక్కడికి వెళ్లింది. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లను సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలో ఒక లెక్క ఉంటుంది. మొదటి ఆరు నెలలు అమ్మాయి తల్లిదండ్రులు, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తల్లిదండ్రులు. దీని కోసం వీసా ఇంటర్వ్యూలు, టికెట్లు, అక్కడ ఒంట్లో బాగోలేకపోతే ఆస్పత్రి ఖర్చులకు ట్రావెల్ ఇన్సూరెన్స్. ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండటానికి ఎంత ఏర్పాటో!

మా అమ్మది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. అక్కడికి వెళ్లాక నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని పాపకు లాల పోసింది. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. సాంబ్రాణి పొగ వేసిన రోజు ఇంటి కప్పుకున్న స్మోక్ అలారం మోగి ఇల్లంతా హడలిపోయింది. ఆవాల దిండు పెడతానంటే అక్క వద్దంది. అక్కడి పిల్లల డాక్టర్లు ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, దిండు లేకుండా, గట్టి పరుపు మీద విడిగా పడుకోబెట్టమంటారు. నిద్రలో ఊపిరాడక జరిగే మరణాలను తగ్గించడానికి 1994 నుంచి అక్కడ దీనిమీద పెద్ద ప్రచారమే నడిచింది. నాలుకకు తేనె రాస్తానంటే అదీ వద్దన్నారు. ఏడాది నిండేదాకా తేనె పెడితే బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అమ్మ రెండు రోజులు ముభావంగా ఉండి తర్వాత ఒప్పుకుంది. ఆరో నెలలో అన్నప్రాశన అన్నప్పుడు మాత్రం డాక్టరూ అమ్మా ఒకే మాట మీద ఉన్నారు. ఆరు నెలల వరకు తల్లిపాలే, ఆ తర్వాత మెత్తని ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది.

పెద్దవాళ్లు చెప్పిందల్లా చేయాలని నేను అనడం లేదు. పడక, మందు, ఆహారం విషయంలో డాక్టర్ మాటే వినాలి. కానీ అమ్మ అక్కడ చేసిన పనుల్లో ఎవరూ వద్దనలేనిది ఒకటుంది. ఆమె పగలంతా పాపతో మాట్లాడింది.

ఇంట్లో ఇంకెవరూ లేరు. అక్క తలుపేసుకుని మీటింగుల్లో ఉండేది. బావ ఆఫీసులో. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు. నడుచుకుంటూ వెళ్లి పలకరించడానికి ఒక్క అంగడీ లేదు. దాంతో అమ్మ చెప్పాలనుకున్నవన్నీ పాపకే చెప్పింది. పప్పు ఇంకా ఉడకలేదని, కిటికీలో ఎండ కనిపిస్తోంది కానీ బయట చలి కోసేస్తోందని, ఊళ్లో ఈపాటికి పత్తి తీస్తుంటారని. పాప "ఉంగా" అంటే "అవునా? ఇంకా?" అనేది. పాప మళ్లీ "ఉంగా" అంటే "ఔనమ్మా, మీ నాన్న ఇంకా రాలేదు" అనేది.

మన భాషలో దీనికి ఒక చక్కని మాట ఉంది, ఊ కొట్టడం. కథ చెప్పేవాళ్లకు వినేవాళ్లు ఊ కొట్టాలి. లేకపోతే కథ ముందుకు సాగదు. చంటిబిడ్డ దగ్గర పెద్దవాళ్లే ఊ కొడతారు. తను చేసిన చప్పుడుకు ఎదుటి మనిషి ముఖం మారిందని, బదులొచ్చిందని బిడ్డ గమనిస్తుంది. మళ్లీ చప్పుడు చేస్తుంది. మాట నేర్చుకోవడం అక్కడ మొదలవుతుంది.

ఉదయం ఏడు గంటల ఫోన్

ఆరు నెలలు కాగానే అమ్మ తిరిగి వచ్చేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఉదయం ఏడు గంటలకు వీడియో కాల్ ఉంటుంది. చలికాలంలో డాలస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం ఏడైతే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. పాప బువ్వ తినే వేళ. అమ్మ ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి, తను పూలు గుచ్చుకుంటూ మాట్లాడుతుంది. పాప చెయ్యి ఊపితే తనూ ఊపుతుంది.

"చిన్నపిల్లలకు స్క్రీన్ వద్దంటారు కదా, మరి ఇదేమిటి?" అని మీరు అడగవచ్చు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌ను మాత్రం మినహాయించింది. కారణం తేలిగ్గా అర్థమయ్యేదే. యూట్యూబ్‌లో బొమ్మ పాడుతూనే ఉంటుంది. పాప నవ్వినా ఏడ్చినా దానికి పట్టదు. ఫోన్‌లోని అమ్మమ్మకు పడుతుంది. 2014లో అమెరికాలో రెండేళ్లు దాటిన పిల్లలతో చేసిన ఒక పరిశోధనలో కూడా ఇదే తేలింది. వీడియో కాల్‌లో బదులిచ్చే మనిషి దగ్గర పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారు. అదే మనిషిని రికార్డు చేసి చూపిస్తే నేర్చుకోలేదు.

సెలవులు ఎలా గడుస్తాయి

ఇక సెలవుల సంగతి. ఏడాదికి ఇన్ని రోజులు జీతంతో సెలవు ఇవ్వాలన్న దేశవ్యాప్త చట్టం అమెరికాలో లేదు. కంపెనీ ఇచ్చిందే సెలవు. అందులో పాప జ్వరాలకు పోయినవి పోగా మిగిలినవి లెక్కపెట్టుకుని దాచుకుంటారు.

జూలై 4కో, నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కో వచ్చే వరుస సెలవుల్లో, పెళ్లయిన కొత్తలో అయితే కొండలకూ సముద్రాలకూ వెళ్లేవాళ్లు. చంటిబిడ్డతో హ్యూస్టన్ దగ్గరి మీనాక్షి గుడికి వెళ్లడమే పెద్ద ప్రయాణం. నాలుగు గంటల దారి. పాప కార్‌సీట్‌లో ఏడిస్తే ఎత్తుకోవడానికి లేదు, బండి ఆపి దించాల్సిందే. అందుకే ఈ ఏడాది సెలవుల్లో ఎక్కువ భాగం స్నేహితుల ఇళ్లలో గడిచింది. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ తెస్తారు. అందరి చంటిపిల్లలనూ ఒకే దుప్పటి మీద వదులుతారు. రక్తసంబంధం లేని వాళ్లే బాబాయిలు, పిన్నులు, అత్తలు అవుతారు. ఆ వరుసలు పాప చెవిన పడాలనే పట్టుబట్టి అలా పిలిపిస్తారు. శనివారం పొద్దున ఊరి పబ్లిక్ లైబ్రరీలో చంటిపిల్లల కథల కార్యక్రమం ఉంటుంది. ఉచితం. తల్లిదండ్రుల ఒళ్లో కూర్చున్న పిల్లలకు లైబ్రేరియన్ బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తారు. అక్కకు ఇది బాగా నచ్చింది. అదే పద్ధతిలో ఇంటికొచ్చి తెలుగు బొమ్మల పుస్తకం చూపిస్తుంది.

కాస్త పెద్ద పిల్లలకు 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి వారాంతపు తెలుగు బడులు ఉన్నాయి. ఆదివారం ఆట మానుకుని అ, ఆలు దిద్దించడానికి కారులో తీసుకెళ్లే తల్లిదండ్రులు వేలమంది ఉన్నారు. తెలుగు కోసం ఫీజు కట్టి, పరీక్షలు కూడా రాయిస్తారు.

దాచుకున్న సెలవులన్నీ పోసి చేసేది ఇండియా ప్రయాణం. పాప అక్కడ పుట్టింది కాబట్టి అమెరికా పౌరురాలు. పాస్‌పోర్టు దరఖాస్తుకు తల్లీతండ్రీ ఇద్దరూ హాజరు కావాలి. ముఖం నేరుగా ఉన్న ఫొటో కావాలి. రెండు నెలల బిడ్డతో ఆ ఫొటో తీయించడం ఎంత పనో ఊహించుకోండి. మన దేశంలోకి రావడానికి వీసానో ఓసీఐ కార్డో ఉండాలి. అక్కడ మామూలుగా ఏడాది నిండాక వేసే ఎంఎంఆర్ టీకాను, విదేశీ ప్రయాణం ఉంటే ఆరు నెలలు దాటిన పిల్లలకు ముందుగానే ఒక డోసు వేస్తారు. విమానంలో ముందు గోడకు తగిలించే చిన్న ఉయ్యాల కోసం ముందే అడిగి పెట్టుకోవాలి. అవి కొన్నే ఉంటాయి. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో హైదరాబాద్ చేరడానికి ఇరవై గంటలకు పైనే. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు నొప్పెట్టకుండా పాలు పట్టాలి. వీటన్నిటికీ తోడు, తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న గుబులు ఒకటి.

కిందటి నెలలో అక్క వాళ్లు మూడు వారాల కోసం వచ్చారు. మొదటి వారం పాపకు రాత్రి పగలు, పగలు రాత్రి. అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి ఆడుకునేది. అక్క, బావ అలసిపోయి పడుకుంటే మా నాన్న పాపను ఎత్తుకుని వరండాలో తిరిగేవాడు. చందమామను చూపించేవాడు, వీధి కుక్కలు మొరిగితే "భౌ భౌ" అనేవాడు, కొబ్బరాకు కదిలితే "గాలి" అనేవాడు. ఆ వారం రోజుల్లోనే పాప ఆకు కదిలినప్పుడల్లా నాన్న ముఖం వంక చూడటం నేర్చుకుంది.

తెల్లారాక చుట్టాలు వచ్చేవాళ్లు. "హాయ్ బేబీ! కమ్ కమ్! గివ్ మీ హ్యాండ్!" అనేవాళ్లు. తెలుగు తప్ప తెలియని మా పెదనాన్న కూడా ఎక్కడో విన్న "హలో, హౌ ఆర్ యూ" అన్నాడు. అమెరికా పాప కదా, తెలుగు అర్థం కాదనుకున్నారు. అక్క ప్రతి ఒక్కరినీ బతిమాలింది. "ఇంగ్లీషు అక్కడ వద్దన్నా వస్తుంది పెదనాన్నా. తెలుగులో మాట్లాడేవాళ్ల కోసమే ఇన్ని గంటలు విమానంలో కూర్చుని వచ్చాం. తెలుగులో పిలవండి" అంది.

ఇంగ్లీషు టీచరుగా నేను చూసేది

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. అక్కడివాళ్లు వీసాకు దరఖాస్తు పెట్టి, ఇన్సూరెన్స్ కట్టి, ఆరు నెలలకని తెచ్చుకునే మనిషి మన ఇంట్లో పక్క గదిలోనే ఉంది. ఆమెను మనం తక్కువ మాట్లాడమంటున్నాం. ఆమె స్థానంలో పాపకు ఇస్తున్నదేమిటి? ఒకటి ఫోన్‌లో ఇంగ్లీషు రైమ్స్. రెండోది మనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు.

మొదటిదాని సంగతి 2003లోనే తేలిపోయింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రిషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనీస్ భాష వినిపించింది. కొందరి దగ్గర చైనీస్ మాట్లాడే మనిషి కూర్చుని, పుస్తకాలు చదువుతూ, ఆడిస్తూ మాట్లాడారు. ఇంకొందరికి అదే మనిషిని టీవీలో చూపించారు. 12 సార్లు ఇలా చేశాక, మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనులను గుర్తుపట్టగలిగారు. టీవీ చూసిన పిల్లలకు ఏమీ రాలేదు. పరాయి భాష కూడా పిల్లలకు మనిషి నుంచే వచ్చింది.

రెండోది మన ఇంటి ఇంగ్లీషు. అందులో చంటిపిల్లలు వినే మాటలు ఏవో ఒక్కసారి లెక్కపెట్టండి. కమ్. సిట్. ఈట్. నో. డోంట్ టచ్. గుడ్ గర్ల్. ఇవన్నీ ఆజ్ఞలు, లేదా మెచ్చుకోళ్లు. వీటికి బదులు చెప్పాల్సిన పని లేదు, చెప్పింది చేస్తే చాలు. ఇదే మనిషి తెలుగులో అయితే పాపను ఆటపట్టిస్తుంది, అలుగుతుంది, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెడుతుంది, కాకి ఎందుకొచ్చిందో కారణం చెబుతుంది. భాష మార్చుకున్నప్పుడు ఇవన్నీ ఆగిపోతున్నాయి. పాపకు దొరికేది సగం ఇంగ్లీషు, పోయేది మొత్తం తెలుగు.

తరగతిలో దీని ఫలితం నాకు కనిపిస్తుంది. సోమవారం నాడు "ఆదివారం ఏం చేశారు?" అని ఇంగ్లీషులో అడుగుతాను. ఒక పిల్లవాడు లేచి "మేడమ్, మై తాతయ్య కేమ్. హీ బ్రింగ్ తేగలు. వీ పుట్ ఇన్ ఫైర్" అంటాడు. అందులో తప్పులున్నాయి. వాటిని దిద్దడానికే నేనున్నాను. తాతయ్య వచ్చాడు, ఏదో తెచ్చాడు, ఆ తర్వాత ఏదో జరిగింది. చెప్పాల్సిన విషయం, దాని వరుస వాడి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వాడికి నేను ఇంగ్లీషు మాటలు అందిస్తే చాలు. ఇంకో పిల్లవాడి ఉచ్చారణ చక్కగా ఉంటుంది. "ఐ యామ్ ఫైన్, మేడమ్" అని ఆగిపోతాడు. ఎంత అడిగినా రెండో వాక్యం రాదు. తెలుగులో చెప్పరా అన్నా రాదు. నాకు కష్టమైన పని ఆ రెండో పిల్లవాడి దగ్గర. ఒక భాషలో కథ చెప్పడం వచ్చిన పిల్లలకు ఇంకో భాష ఇవ్వవచ్చు. ఏ భాషలోనూ కథ లేని పిల్లలకు ముందు కథ ఇవ్వాలి.

మీ సందేహాలు

"రెండు భాషలు వింటే పిల్లలు తికమకపడరా?" పడరు. చిన్నప్పుడు రెండిటినీ కలిపి మాట్లాడటం మామూలే, క్రమంగా విడదీసుకుంటారు. మన సరిహద్దు జిల్లాల్లో తెలుగుతో పాటు తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడే పిల్లలు ఎప్పటి నుంచో ఉన్నారు. హైదరాబాద్‌లో తెలుగూ ఉర్దూ కలిసి వింటూ పెరిగినవాళ్లు ఎంతమంది లేరు?

"మా ఇద్దరికీ ఇంగ్లీషు బాగా వచ్చు, మేం మాట్లాడుకునేదే అది." అయితే నిస్సంకోచంగా మాట్లాడండి. నవ్వడానికి, కోప్పడటానికి, కథ చెప్పడానికి మీకు ఏ భాష వస్తుందో అదే పాపకు ఇవ్వండి. నానమ్మను మాత్రం ఆమె భాషలో మాట్లాడనివ్వండి.

"మా బాబుకు మాటలు ఆలస్యమవుతున్నాయి. రెండు భాషల వల్లేనా?" ఆ నింద భాష మీద వేసి ఊరుకోకండి. పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వినికిడి పరీక్ష చేయించండి. ఎంత త్వరగా వెళితే అంత మంచిది.

ఈ సంక్రాంతి సెలవుల్లో

ఈ డిసెంబరు, జనవరిలో మీ ఇళ్లకూ విదేశాల నుంచి చంటిపిల్లలు రావచ్చు. మీ ఇంట్లోనూ చంటిపిల్లలు ఉండవచ్చు. ఇద్దరికీ పనికొచ్చే కొన్ని సూచనలు:

1. వచ్చిన పాపను తెలుగులో పలకరించండి. మీ పిల్లలతోనూ అలాగే పలకరించమనండి. ఆ పాపకు మీ ఇల్లు మూడు వారాల తెలుగు బడి.

2. చంటిబిడ్డకు అన్నం పెట్టేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. తినిపించే మనిషే మాట్లాడాలి.

3. దూరంగా ఉన్న తాతయ్య, నానమ్మలతో వీడియో కాల్ రోజూ ఒకే వేళకు పెట్టుకోండి. పది నిమిషాలైనా చాలు.

4. నాన్నలు రోజుకో పని తమదిగా తీసుకోవాలి. స్నానమో, రాత్రి కథో. ఆ పని జరుగుతున్నంతసేపూ మాట్లాడుతూ ఉండాలి.

5. పడక, తేనె, మందుల విషయంలో పెద్దవాళ్ల అలవాటుకూ డాక్టర్ మాటకూ తేడా వస్తే, నెమ్మదిగా కూర్చోబెట్టి కారణం చెప్పండి. ఆ ఒక్క విషయంలో వద్దన్నందుకు వాళ్లు మొత్తానికే నోరు మూసుకునే పరిస్థితి తేవద్దు.

సెలవులయ్యాక నా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ పీరియడ్‌లో ఒక పని ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల నోట తెలుగులో విన్న ఒక కథను తరగతిలో ఇంగ్లీషులో చెప్పాలి. కథ నానమ్మో, తాతయ్యో, ఇంటికి వచ్చిన చుట్టాలో చెప్పింది కావాలి. యూట్యూబ్‌లో చూసింది పనికిరాదు. పుస్తకంలోంచి బట్టీపట్టి రానవసరం లేదు. ఇంగ్లీషు మాటలు దొరకని చోట నేను సాయం చేస్తాను. కథ మాత్రం ఇంటి నుంచే రావాలి. దయచేసి మీ ఇంట్లోని పెద్దవాళ్లకు ఈ సంగతి ఇప్పుడే చెప్పండి.

– ఇంగ్లీషు ఉపాధ్యాయిని, ప్రాథమిక విభాగం